అత్తయ్యగారి ఫోటోలకు ఏ ప్రింటరు కొనాలి?

ప్రశ్న: మాది నరసరావుపేట. ఇద్దరు పిల్లలు, ఆరు, తొమ్మిది తరగతులు. వారం వారం ఏదో ఒక ప్రాజెక్టు వర్కు ఉంటుంది. జిరాక్స్ షాపులో కలర్ ప్రింటుకు 10 రూపాయలు తీసుకుంటున్నారు, నెలకు 40 దాకా అవుతున్నాయి. మా అత్తయ్యగారికి ఫోన్లో ఫోటోలు ఆనవు. "చేతికియ్యి, చూస్తా" అంటారు. అందుకని నెలకు పదిహేను ఫోటోలు స్టూడియోలో వేయిస్తున్నాను, 4×6 సైజు ఒక్కోటి 15 రూపాయలు. ఇంట్లోనే కలర్ ఫోటో ప్రింటరు పెట్టుకుందామని ఉంది. షాపతను 4,500కు ఒక ఆల్ ఇన్ వన్ చూపించాడు. మావారేమో కొంటే లేజరే కొనాలి, అందులో ఇంకు ఎండదు అంటున్నారు. బెంగళూరులో మా ఆడపడుచు దగ్గర ఫోటోలు మాత్రమే వేసే చిన్న ప్రింటరు ఉంది, అచ్చం స్టూడియో ఫోటోల్లాగే వస్తున్నాయి. మా బడ్జెట్ 15 వేలు. ఇదివరకు కొన్న ప్రింటరు ఒకటి ఎండిపోయి అటకెక్కింది, అది గుర్తొస్తే టెన్షన్. ఇంకో మాట, అత్తయ్యగారి ట్రంకుపెట్టెలో పాత బ్లాక్ అండ్ వైట్ ఫోటోలున్నాయి. వాటికి కాపీలు తీయొచ్చా?

జవాబు: అసలు సంగతి మీరు చివర్లో రాశారమ్మా, ఆ అటకెక్కిన ప్రింటరు. దాని దగ్గర్నుంచే మొదలుపెడతాను. మా ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండేది.

మా అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్ ఫోటోలు పదో పన్నెండో ఇంట్లోనే వేసి ఊరికి పట్టుకెళ్దామనుకున్నాను. ప్రింటరును ముట్టుకుని మూడు నెలలైంది, పైగా మే నెల. మొదటి ఫోటో బయటికొచ్చేసరికి పిల్ల ముఖం ఆకుపచ్చగా ఉంది. పసుపు రాస్తే ఆ రంగొచ్చిందని సర్దిచెప్పుకోవడానికీ లేదు, నాచు పట్టినట్టుంది. నాజిల్ చెక్ అని ఒక పరీక్ష కాగితం ఉంటుంది, రంగుకో గీతల వరస వేస్తుంది. అది తీసి చూస్తే నీలం బాగుంది, పసుపు బాగుంది, మెజెంటా వరసలో మాత్రం గీతలు పళ్ళూడిన దువ్వెనలా ఉన్నాయి. మనుషుల ముఖాల్లో ఎరుపుదనం తెచ్చేది ఆ రంగే. అది ఆగిపోతే మిగిలేది ఆకుపచ్చే. మూడుసార్లు హెడ్ క్లీనింగ్ కొట్టాను. గీతలు సగం వచ్చాయి. కార్ట్రిడ్జులో ఇంకు మాత్రం కళ్ళముందే తరిగిపోయింది. క్లీనింగ్ అంటే ఏమీ లేదు, ఇంకును బలవంతంగా లాగి లోపలి స్పాంజిలోకి పారబోయడమే. ఫోటోలు చివరికి స్టూడియోలోనే వేయించాను.

ఇంక్‌జెట్ ప్రింటరులో ఇంకు వచ్చే రంధ్రాలు, అంటే నాజిళ్ళు, తల వెంట్రుక కన్నా సన్నం. ఇంకులో ఎక్కువ భాగం నీళ్ళే. వాడకపోతే ఆ నీళ్ళు ఆరి రంగు అక్కడే గడ్డకడుతుంది. మన ఎండలకు ఇంకా త్వరగా. మీ పాత ప్రింటరుకు వచ్చిన జబ్బు కూడా ఇదే అయ్యుంటుంది. ఇందులో మీ తప్పు ఒక్కటే, వాడకపోవడం. షాపువాడు మాత్రం ఆ మాట చెప్పడు.

కాబట్టి ప్రింటరు ఎంచుకునేటప్పుడు ఫోటో ఎంత బాగా వస్తుందన్నది రెండో ప్రశ్న. వారానికి ఒక్కసారైనా దాంతో పని ఉంటుందా అన్నది మొదటిది. మీ ఇంట్లో పని ఉంది. పిల్లల ప్రాజెక్టు వర్కులే మీ ఫోటో ప్రింటరును బతికిస్తాయి. గుండె బొమ్మ, కాకతీయ తోరణం, సౌరకుటుంబం... వారం వారం ఏదో ఒకటి అన్ని రంగులతో బయటికొస్తుంది. అందుకే మీకు ఫోటోలకు ఒకటి, బడికి ఒకటి అక్కర్లేదు, రెండు పనులూ చేసేది ఒక్కటి చాలు.

ఇప్పుడు మీ ముందున్నవి చూద్దాం. 4,500 మెషీను వద్దు. మెషీను చవకే, కార్ట్రిడ్జు దగ్గర పట్టుకుంటారు. కలర్ కార్ట్రిడ్జు డబ్బా మీద ఇన్ని పేజీలొస్తాయని ఒక అంకె ఉంటుంది. ఆ లెక్క అక్షరాలూ చిన్న చిన్న బొమ్మలూ ఉన్న పేజీలది, కాగితం చాలావరకు తెల్లగానే ఉంటుంది. ఫోటోలో ఆ మూల నుంచి ఈ మూల దాకా రంగే. అంతేకాదు, ఇలాంటి మెషీన్లలో మూడు రంగులూ చాలావరకు ఒకే డబ్బాలో ఉంటాయి. పిల్లలు ఆకాశాలూ సముద్రాలూ వేసి నీలం అయిపోగొడితే, పసుపు సగమున్నా డబ్బా మొత్తం మార్చాల్సిందే.

మీవారు చెప్పింది నిజమే, లేజరులో ఇంకు ఎండదు. అందులో ఉండేది ఇంకు కాదు, టోనరు అనే పొడి. ఆఫీసు కాగితాలకు నేను కూడా లేజరే కొనమంటాను. కానీ మనకు కావలసింది ముఖాలు. లేజరులో చెంప మీద వెలుగు నుంచి నీడకు రంగు మెల్లగా జారదు, దగ్గరగా చూస్తే చుక్కలూ మెట్లూ కనిపిస్తాయి. కలర్ లేజరు మీ బడ్జెట్లో దొరకడమూ కష్టమే. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇంక్‌జెట్ కోసం చేసిన గ్లాసీ ఫోటో పేపరును ఎప్పుడూ లేజరులో పెట్టకండి. లోపల పొడిని కాగితానికి అతికించే రోలరు బాగా కాలుతూ ఉంటుంది. ఆ వేడికి పేపరు మీది పూత కరిగి రోలరుకు అంటుకుంటే రిపేరు ఖర్చు మెషీను ధరతో పోటీ పడుతుంది.

మీ ఆడపడుచు దగ్గరున్నది చాలావరకు కేనన్ సెల్ఫీ లాంటిదై ఉంటుంది. దాన్ని డై సబ్లిమేషన్ అంటారు. అందులో ద్రవం ఇంకే ఉండదు, రంగు పూసిన రిబ్బను ఉంటుంది. అది పనిచేస్తుంటే చూడటం ఒక సరదా. కాగితం నాలుగుసార్లు బయటికొచ్చి లోపలికెళ్తుంది. మొదట పసుపుపచ్చగా, తర్వాత ఎర్రెర్రగా, మూడోసారి నీలం కలిసి అసలు ఫోటోగా, నాలుగోసారి పైన పారదర్శకమైన పూతతో. ఒక నిమిషం లోపే అయిపోతుంది, తడి తగిలినా చెరగదు, ఆరు నెలలు మూలన పడేసినా ఎండదు. ఫోటో వరకే అడిగితే మీరు చెప్పినవాటిలో ఇదే ముందుంటుంది, నాకేం సందేహం లేదు. కానీ అది వేసేది పోస్టుకార్డు సైజూ అంతకన్నా చిన్నవీ మాత్రమే. గుండె బొమ్మ ఏ4లో కావాలంటే మళ్ళీ జిరాక్స్ షాపే. ఖర్చు కూడా చూడండి. రిబ్బనూ పేపరూ కలిపి అమ్ముతారు. 108 షీట్ల ప్యాకెట్టయితే దాని ధరను 108తో భాగించండి, ఫోటో ఖర్చు అంతే, పైసా తగ్గదు. ఆ అంకె మీ స్టూడియో 15 రూపాయల కన్నా పైనే ఉంటుంది. (వాడేసిన రిబ్బను వెలుగుకు పట్టి చూస్తే మీరు వేసిన ప్రతి ఫోటో దాని మీద నీడలా కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళ ఫోటోలు కాబట్టి చెత్తబుట్టలో వేసే ముందు కత్తిరించమని ఆడపడుచుగారికి చెప్పండి.)

మిగిలింది ఇంక్ ట్యాంకు. సీసాతో ఇంకు కొని ట్యాంకులో పోసుకునే రకం. ఒకప్పుడు మన దగ్గర మెకానిక్కులు కార్ట్రిడ్జు ప్రింటర్లకు పక్కన సీసాలు పెట్టి, సన్నటి గొట్టాలు లాగి నడిపించేవాళ్ళు, గుర్తుందా? కంపెనీలకు మొదట అది కంటగింపుగానే ఉండేది. తర్వాత వాళ్ళూ అదే దారికొచ్చారు. ఎప్సన్ 2010లో ఇండొనేషియాలో ట్యాంకు ప్రింటరు దించింది. ఇప్పుడు కేనన్, హెచ్‌పీ, బ్రదర్ అన్నీ అమ్ముతున్నాయి.

వీటిలో మళ్ళీ నాలుగు రంగులవీ ఆరు రంగులవీ ఉన్నాయి. ఎప్సన్ ఎల్8050, కేనన్ జీ570 ఆరు రంగులవి. ఎప్సన్‌లో మామూలు నాలుగింటికి తోడు లేత నీలం, లేత మెజెంటా ఉంటాయి. కేనన్‌లో వాటి బదులు ఎరుపు, బూడిద రంగు. లేత రంగులెందుకంటే, చెంప మీద లేత ఛాయ తేవాలంటే నాలుగు రంగుల మెషీను ముదురు చుక్కలను దూరం దూరంగా వేయాలి, దగ్గరగా చూస్తే ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. లేత ఇంకు ఉంటే చుక్కలు ఒత్తుగా వేసినా రంగు లేతగానే ఉంటుంది, నునుపు వస్తుంది. ఫోటోలు అమ్ముకునేవాళ్ళకు అవే చెబుతాను. కానీ ఆ రెండు మోడళ్ళూ మీ బడ్జెట్ దాటుతాయి, రెండింటిలోనూ స్కానరు లేదు. మీ ట్రంకుపెట్టె సంగతి తెలిశాక స్కానరు లేనిది నేను కొనమనను.

అందుకని మీకు నా సలహా: నాలుగు రంగుల ఇంక్ ట్యాంకు, స్కానరూ వైఫై ఉన్నది. ఎప్సన్ ఎల్3250 తరహావి. మీ బడ్జెట్‌కు అటూ ఇటూగా దొరుకుతాయి. ఏ కంపెనీదైనా సరే, రెండు ప్రశ్నలడిగి కొనండి. మొదటిది, నలుపు ఇంకు డైయా (నీళ్ళలో కరిగిపోయే రంగు), పిగ్మెంటా (కరగకుండా ఉండే సన్నటి రంగు పొడి)? పిగ్మెంట్ నలుపు మామూలు కాగితం మీద అక్షరాలకు బ్రహ్మాండం. కానీ గ్లాసీ పేపరులోకి సరిగా ఇంకదు. అలాంటి మెషీన్లు కొన్ని ఫోటోలో నలుపును మిగతా మూడు రంగులు కలిపి తయారుచేస్తాయి, అప్పుడు జుట్టు గోధుమ రంగుకు తిరుగుతుంది. మన జుట్లకూ మన కాటుక కళ్ళకూ అది ఒప్పదు. అన్నీ డై ఇంకులే అయిన మోడల్ తీసుకోండి. రెండోది, అంచు లేకుండా ఏ సైజు దాకా వేస్తుంది? కొన్ని 4×6 దాకానే వేస్తాయి, ఏ4కు చుట్టూ తెల్లంచు వదిలేస్తాయి. మీకు 4×6 చాలు, అయినా తెలిసి కొనండి. డబ్బా మీద 5760 డీపీఐ లాంటి పెద్ద అంకెలుంటాయి, వాటిని పట్టించుకోకండి. ఇంకు చుక్కలను ఎంత దగ్గరగా వేయగలదో చెప్పే లెక్క అది. ఫోటోకు అంగుళానికి 300 పిక్సెళ్ళుంటే చాలు.

డబ్బు లెక్క కూడా వేసుకుందాం. నేను వాడే 230 జీఎస్ఎమ్ (కాగితం బరువు చెప్పే లెక్క) గ్లాసీ పేపరు 4×6 షీటు ఐదు రూపాయలు పడుతోంది. ఇంకు రెండు రూపాయలు వేసుకుంటే ఫోటో 7. స్టూడియోలో 15, అంటే ఫోటోకు 8 మిగులు. నెలకు 15 ఫోటోలకు 120. ఇది ఒక్కటే చూసుకుంటే 14 వేల మెషీను డబ్బు రావడానికి పదేళ్ళు దాకా పడుతుంది, అది అప్పటిదాకా బతకదు. అదే ప్రాజెక్టు ప్రింట్లు కలపండి. షాపులో 40కి 400. ఇంట్లో కాగితంతో కలిపి రూపాయిన్నర చొప్పున 60. మిగులు 340. రెండూ కలిపితే నెలకు 460, రెండున్నరేళ్ళలో మెషీను ఖర్చు తీరుతుంది. ఇంట్లో ప్రింటరుందని పిల్లలు కార్టూన్లు వేయడం మొదలుపెడితే ఈ లెక్క నాది కాదు.

ఇక ఫోటో బాగా రావడం సగం మీ చేతిలో ఉంది. చాలామంది మంచి పేపరు పెట్టి, ఫోన్ నుంచి ప్రింట్ కొట్టి, వెలిసిపోయినట్టు వచ్చిందని మెషీనును తిడతారు. యాప్‌లో పేపరు రకం ప్లెయిన్ పేపర్ అనే ఉండిపోయి ఉంటుంది. మనం గ్లాసీ పెట్టామని మెషీనుకు తెలియదు, మనమే చెప్పాలి. సైజు 4×6, రకం గ్లాసీ, క్వాలిటీ హై. ఈ మూడూ మారిస్తే అదే మెషీను, అదే ఫోటో, మీరే నమ్మరు. పేపరుకు పూత ఒకవైపే ఉంటుంది. పొడి వేలితో రాస్తే నున్నగా కొంచెం అతుక్కున్నట్టు ఉండే వైపే ప్రింటు పడాలి. తిరగేసి పెడితే ఇంకు పీల్చుకోక పైనే తేలి, అలికినట్టవుతుంది. బయటికొచ్చిన వెంటనే అత్తయ్యగారి చేతికియ్యకండి. పావుగంట బల్ల మీద విడివిడిగా పరచండి, ఆల్బమ్ కవర్లో పెట్టడం మర్నాడు. డై ఇంకు నీటికి ఆగదు. ఆవిడ చేతులు కడుక్కొచ్చి తడి వేళ్ళతో పట్టుకున్నారంటే మనవడి చొక్కా రంగు బొటనవేలికి వస్తుంది.

ఫోన్‌లో చూసినదాని కన్నా ప్రింటు చీకటిగా ఉందని కూడా అనిపిస్తుంది. ఫోన్ తెర వెనుక నుంచి వెలుగుతుంది, కాగితానికి వెలుగు బయటి నుంచే రావాలి. తెర వెలుగు సగానికి తగ్గించి చూసి, అప్పటికీ చీకటిగా ఉన్న ఫోటోను కొంచెం వెలిగించి ప్రింటు కొట్టండి.

తలలు తెగడం ఇంకో గొడవ. ఫోన్ మామూలుగా తీసేది 4:3 నిష్పత్తిలో. 4×6 కాగితం 3:2. పొడవు ఆరంగుళాలు సరిపెడితే వెడల్పు నాలుగున్నర కావాలి, కాగితం నాలుగే. అరంగుళం ఎక్కడో పోవాలి. మెషీనుకు వదిలేస్తే రెండు పక్కలా సమానంగా కోస్తుంది, అడ్డంగా తీసిన గ్రూపు ఫోటోలో పొడుగు బావగారి నుదురు దాంట్లో పోతుంది. ప్రింటుకు ముందు మీరే 3:2కు కత్తిరించుకోండి. తీసేటప్పుడే నెత్తి పైన కాస్త చోటు వదిలితే ఇంకా మంచిది.

చుట్టాలు పంపే ఫోటోలు వాట్సాప్‌లోనే వస్తాయి కదా. మామూలుగా పంపితే అది ఫోటోను కుదించేస్తుంది, పొడుగు వైపు దాదాపు 1,600 పిక్సెళ్ళకు. 4×6 కు సుమారుగా సరిపోతుంది, ఏ4కు పెంచితే మసక. ముఖ్యమైన వాటిని హెచ్‌డీలో పంపమనండి, లేదా డాక్యుమెంటుగా పంపమనండి. ఒకసారి కుదించుకుపోయిన ఫోటోను ఎవరూ బాగు చేయలేరు.

స్టూడియోను పూర్తిగా మానకండి. పెళ్ళి నుంచి వచ్చి రెండు వందల ఫోటోలు ఒకేసారి కావాలంటే అక్కడికే పంపండి. ఇంట్లో వేస్తే ఒక సాయంత్రం మొత్తం పేపర్లు పెడుతూ కూర్చోవాలి. హాల్లో గోడకు పెట్టే పెద్ద ఫోటో కూడా అక్కడే. ల్యాబుల్లో చాలాచోట్ల ఇంకు వాడరు, వెలుగుతో రసాయనాల పేపరు మీద ముద్రిస్తారు. మన డై ఇంకు ఫోటో ఎండ తగిలే గోడ మీద అంతకాలం నిలవదు. ఇంట్లో వేసినవి ఆల్బమ్‌లో, లేదంటే అద్దం బిగించిన ఫ్రేములో ఉంచండి.

మెషీను వచ్చాక రెండు అలవాట్లు. ఆపేటప్పుడు గోడ స్విచ్ కాదు, ప్రింటరు మీది బటన్ నొక్కండి. అలా ఆపితేనే హెడ్డు తన చోటికి వెళ్ళి మూత పెట్టుకుంటుంది. మధ్యలో కరెంటు తీసేస్తే నాజిళ్ళు గాలికి తెరుచుకుని ఉండిపోతాయి. ఇంకోటి వేసవి సెలవులు. ప్రాజెక్టులు ఉండవు, పిల్లలు అమ్మమ్మగారింటికి పోతారు, పైన ఎండలు. మీ పాత ప్రింటరు పోయింది కూడా బహుశా అప్పుడే. ఆదివారం ఆదివారం అత్తయ్యగారికి ఒక ఫోటో వేసివ్వండి, ఆవిడకు సంతోషం, నాజిళ్ళకు తడి. ఇంకు మాత్రం ఆ కంపెనీ సీసాలే పోయండి, కనీసం వారంటీ ఉన్నన్నాళ్ళు. సగం ధరకు దొరికే సీసా రంగు మొదటి నెల బాగానే ఉంటుంది. నాకా ముచ్చట కూడా తీరింది.

ఇక ట్రంకుపెట్టె. తప్పకుండా తీయొచ్చు, ఆల్ ఇన్ వన్‌లో స్కానరు ఉండేది అందుకే. కాపీ బటన్ నొక్కకండి, కంప్యూటరుకు స్కాన్ చేయండి, 600 డీపీఐలో. ఆ రోజుల్లో ఎక్కువగా ఉండే మూడున్నర బై ఐదు అంగుళాల ఫోటో అయితే 2,100 బై 3,000 పిక్సెళ్ళు వస్తుంది. ఏ4కు పెంచినా ముఖాలు నిలుస్తాయి. బ్లాక్ అండ్ వైట్ ఫోటో అయినా కలర్‌లోనే స్కాన్ చేయండి, ఆ గోధుమ ఛాయ, మరకలు ఉన్నవున్నట్టు వస్తే తర్వాత దిద్దుకోవడం తేలిక. ప్రింటు కొట్టేటప్పుడు మాత్రం ఒక చిక్కు. నాలుగు రంగుల మెషీను బూడిద రంగును కూడా కలర్లు కలిపి వేస్తుంది కాబట్టి ఒక్కోసారి ఆకుపచ్చ జీర వస్తుంది. కొంచెం గోధుమ రంగు ఉంచి వేస్తే అది కనపడదు, పాత ఫోటోకు అందంగానూ ఉంటుంది.

ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫోటో ఏదైనా ఉంటే లాగకండి, ముఖం అద్దానికే ఉండిపోతుంది. అద్దంతో పాటే స్కానరు మీద బోర్లించండి. స్కానరు అద్దాన్ని ముందు మెత్తటి గుడ్డతో తుడవండి, అక్కడ ఒక నలకుంటే ప్రతి ఫోటోలోనూ అదే చోట చుక్క పడుతుంది. ఫోటోలను తిప్పి కూడా చూడండి. వెనకాల పెన్సిల్‌తోనో సిరాతోనో పేరు, ఊరు, తేదీ ఏదైనా రాసుంటే ఆ వైపు కూడా స్కాన్ చేయండి. ఏమీ రాసి లేనివి అత్తయ్యగారి పక్కన కూర్చుని ఎవరెవరో అడిగి, కొత్త ప్రింటు వెనక మెత్తటి పెన్సిల్‌తో మీరే రాయండి.